మేడ మీది కంప్యూటర్ పలకదేం?

నెట్ కనెక్షన్ ఇచ్చినప్పుడు కంపెనీ వాళ్లు హాల్లో ఓ వైఫై రౌటర్ బిగించి వెళ్తారు. కింది గదుల వరకూ బాగానే ఉంటుంది. మేడ మీదికి వెళ్తే మాత్రం సిగ్నల్ అందదు. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసమో, ఆఫీసు పని కోసమో ఇంకో రౌటర్ కొని, కింది నుంచి కేబుల్ లాగి పైన పెట్టుకుంటాం. నెట్ పరుగులు తీస్తుంది. సమస్య తీరిపోయిందనుకుంటాం.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని నాన్నగారు కింద ల్యాప్‌టాప్ ముందు కూర్చునే పై కంప్యూటర్‌లోని లెక్కలు చూసుకోవాలనుకుంటారు. విండోస్‌లో అందుకు ‘రిమోట్ డెస్క్‌టాప్’ ఉంది. అక్కడి తెర ఇక్కడ కనిపిస్తుంది, ఇక్కడి మౌస్ అక్కడ పనిచేస్తుంది. కానీ ఎన్నిసార్లు ప్రయత్నించినా కనెక్ట్ కాదు. విచిత్రం ఏమిటంటే, పైనుంచి కింది ల్యాప్‌టాప్‌ను తెరవబోతే మాత్రం టక్కున తెరుచుకుంటుంది! ఒకే ఇల్లు, ఒకే కనెక్షన్... మరి ఎందుకిలా?

ఇద్దరు వాచ్‌మన్‌లు

ఇంటర్నెట్‌లో ప్రతి పరికరానికీ ఓ చిరునామా ఉండాలి. అదే ఐపీ అడ్రస్. 1981లో ఖరారైన పద్ధతిలో దాదాపు 429 కోట్ల చిరునామాలే సాధ్యం. 2011 ఫిబ్రవరికల్లా ఉమ్మడి నిల్వ పూర్తిగా పంచేశారు. అందుకే ఇంటి మొత్తానికీ బయట ఒకే చిరునామా వాడుకుని, లోపలి పరికరాలకు 192.168తోనో, 10తోనో మొదలయ్యే సొంత నంబర్లు ఇచ్చుకునే పద్ధతి స్థిరపడింది. బయటి చిరునామాకూ లోపలి నంబరుకూ మధ్య మార్పిడి చేసేది రౌటర్. దీన్నే ‘నాట్’ అంటారు.

రౌటర్‌ను అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకోండి. లోపలివాళ్లు ఏదైనా తెప్పించుకుంటే గుర్తుపెట్టుకుని నేరుగా వాళ్లకే చేరుస్తాడు. ఎవరూ పిలవకుండా వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపేస్తాడు. రెండో రౌటర్ పెట్టారంటే మేడ మెట్ల దగ్గర ఇంకో వాచ్‌మన్‌ను నిలబెట్టినట్లే. అతడికి మీ హాలు కూడా వీధితో సమానమే! పైనుంచి కిందికి వెళ్లే పిలుపును వదులుతాడు. కిందినుంచి వచ్చేదాన్ని ‘ఎవరూ పిలవలేదే’ అని తిప్పి పంపేస్తాడు. పైగా మేడ మీది నంబర్లు కింది రౌటర్‌కు అసలు తెలియనే తెలియవు. సాంకేతిక భాషలో ఇది ‘డబుల్ నాట్’.

ముందు ఇవి చూడండి

తప్పు రౌటర్లదే అనుకునే ముందు పై కంప్యూటర్‌ను పరీక్షించాలి. విండోస్ హోమ్ రకంతో వేరే కంప్యూటర్‌ను తెరవొచ్చుగానీ, దాన్ని వేరేవాళ్లు తెరిచే వీలు లేదు. అందుకు ప్రొ రకం ఉండాలి. సెటింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయాలి. ఖాతాకు పాస్‌వర్డ్ తప్పనిసరి. రోజూ కొట్టే పిన్ ఇక్కడ పనికిరాదు. కంప్యూటర్ నిద్రావస్థలోకి వెళ్లినా కనెక్షన్ రాదు.

అవన్నీ సరిగ్గా ఉంటే రెండు కంప్యూటర్ల ఐపీ అడ్రస్‌లూ కాగితం మీద రాసుకోండి. కిందిది 192.168.1తో, పైది 192.168.0తో మొదలైతే దొంగ దొరికినట్లే. రెండూ ఒకేలా మొదలైనా నిశ్చింతగా ఉండలేం. రెండు రౌటర్లూ విడివిడిగా ఒకే వరస నంబర్లు పంచుతుంటే గందరగోళం ఇంకా ఎక్కువ. పై రౌటర్ స్టేటస్ పేజీలో ‘వాన్’ అని ఉన్నచోట కూడా 192.168తో మొదలయ్యే అంకెలే కనిపిస్తే, అది ఇంకో రౌటర్ వెనక ఉందని తేలిపోతుంది.

ఒకరు చాలు!

మందు తేలికే. రెండో వాచ్‌మన్‌కు ఆ డ్యూటీ తీసేయడమే. చాలా రౌటర్లలో ‘యాక్సెస్ పాయింట్’ మోడ్ ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే పై రౌటర్ వైఫై ఇవ్వడానికే పరిమితమవుతుంది. ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది. ఆ మోడ్ లేకపోతే ముందుగా పై రౌటర్ సొంత చిరునామాను కింది వరసలోని ఖాళీ నంబరుకు మార్చాలి. తర్వాత నంబర్లు పంచే ‘డీహెచ్‌సీపీ’ని ఆపేయాలి. చివరగా కేబుల్‌ను వాన్ రంధ్రంలోంచి తీసి లాన్ రంధ్రంలో గుచ్చాలి. ఈ వరస తప్పితే మళ్లీ ఆ రౌటర్ సెటింగ్స్‌లోకి వెళ్లడం కష్టమవుతుంది.

పొరుగూరి నుంచి తెరవాలంటే...

ఊళ్లో లేనప్పుడూ ఇంటి కంప్యూటర్ కావాలంటే చాలామంది రౌటర్‌లో 3389 నంబరు పోర్టును తెరిచేస్తారు. రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా వాడే ద్వారం అదే. వీధి తలుపు బార్లా తీసినంత ప్రమాదమిది. ఇలా తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం హ్యాకర్లు నిరంతరం గాలిస్తుంటారు. 2019 మేలో ‘బ్లూకీప్’ అనే లోపం బయటపడితే, ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేయాల్సి వచ్చింది. పైగా కొన్ని నెట్ కంపెనీలు వందలాది ఇళ్లకు ఒకే చిరునామా వాడుతున్నాయి. మీ రౌటర్ వాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కంపెనీ దగ్గర ఇంకో వాచ్‌మన్ ఉన్నట్లే. అప్పుడు మీరు పోర్టు తెరిచినా ఫలితం ఉండదు.

వీపీఎన్ పెట్టుకోవడం మంచి పద్ధతి. అది తెలియనివారికి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటివి ఉన్నాయి. రెండు కంప్యూటర్లూ తామే బయటికి పిలుపు పంపి ఒకచోట కలుస్తాయి కాబట్టి వాచ్‌మన్‌లు ఎందరున్నా అడ్డుపడరు.

ఆ సౌకర్యంలోనే ముప్పూ ఉంది. 2019 ఫిబ్రవరిలో ‘ఎనీడెస్క్’ అనే ఇలాంటి యాప్‌తో ఖాతాలు ఖాళీ చేస్తున్నారంటూ రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, యాప్‌లో వచ్చిన నంబరు చెప్పండి’ అని ఎవరైనా అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయండి. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకూ చెప్పి ఉంచండి. గేటు దగ్గర ఎందరు కాపలా ఉన్నా, మనమే తాళంచెవి చేతికిస్తే ఆపేవారుండరు!