మొనలు లేని అక్షరం

కూపర్ బ్లాక్ ఫాంటులో ఇంగ్లిషు 'ఓ'ని బాగా పెద్దది చేసి చూడండి. బయటి అంచు గారెలా బొద్దుగా, నున్నగా ఉంటుంది. లోపలి చిల్లు మాత్రం చిన్నది, అదీ నిటారుగా ఉండదు, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఇప్పుడు 'హెచ్' పాదాలు చూడండి. అక్షరం చివర ఉండే ఆ చిన్న అడ్డపట్టీనే సెరిఫ్ అంటారు. మన తలకట్టు తీసేస్తే పలుకే మారిపోతుంది. సెరిఫ్ తీసేస్తే పలుకు మారదు, ముఖం మారుతుంది. మామూలు సెరిఫ్‌లకు పదునైన మొనలుంటాయి. వీటికి లేవు. వాడివాడి అరిగిన సబ్బుబిళ్ల అంచులా ఉంటాయి.

దీన్ని గీసినవాడు ఆస్వాల్డ్ కూపర్. 1879లో పుట్టాడు, కాన్సస్‌లోని కాఫీవిల్‌లో పెరిగాడు. కుర్రతనంలోనే చదువు మానేసి అచ్చాఫీసులో పనికి కుదిరాడు. బొమ్మలు నేర్చుకుందామని షికాగో వెళ్లి, అక్కడ అక్షరాలు గీయడం నేర్పే ఫ్రెడరిక్ గూడీ దగ్గర అక్షరాల్లో పడ్డాడు. షికాగో టైప్ ఫౌండ్రీ బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ 1922లో కూపర్ బ్లాక్‌ను విడుదల చేసింది.

ఆ నునుపు ముద్దుకోసమే అనుకుంటే పొరపాటు. అది సీసపు టైపుల కాలం. సన్నని మొన అరుగుతుంది, విరుగుతుంది. నాసిరకం కాగితం మీద సిరా పాకి మూలలు పూడిపోతాయి. అసలు మొనే లేని అక్షరానికి పోయేదేముంది? పాదాలు గుండ్రంగా ఉండటంవల్ల వరుసలో ఒక టైపు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా కంటికి ఆనదు. అచ్చాఫీసులో పని నేర్చిన చెయ్యి ఇందులో నాకు కనిపిస్తుంది. ప్రకటనలవాళ్లు ఎగబడి కొన్నారు. పోటీ ఫౌండ్రీలు ఇలాంటివే పోతపోశాయి. 1925లో గూడీ కూడా దీనికి దీటుగా 'గూడీ హెవీఫేస్' గీశాడు. శిష్యుడి దారిలో గురువు నడవడం ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం.

కూపర్ 1940లో పోయాడు. సీసం పోయి ఫిల్ము మీద అక్షరాలు కూర్చే పద్ధతి వచ్చాక ఈ ఫాంటుకు రెండో యవ్వనం వచ్చింది. టైపు దిమ్మెల అడ్డు లేదు కాబట్టి అక్షరాలను ఒకదానికొకటి ఒరిపించి పేర్చొచ్చు. 1966 నాటి బీచ్ బాయ్స్ ఆల్బమ్ 'పెట్ సౌండ్స్' అట్ట మీద అవి అలాగే ఒదిగి కూర్చున్నాయి. డెబ్బైల్లో ఇస్త్రీపెట్టెతో టీషర్టులకు అంటించే అక్షరాలయ్యాయి. ఈజీజెట్ విమానాల మీద పేరు కూడా ఇదే ఫాంటులో ఉంటుంది.

అయితే దీంతో పేజీ నింపకూడదు. చిన్న సైజులో ఇంగ్లిషు చిన్నబడి 'ఈ', 'ఏ'ల లోపలి చిల్లులు మూసుకుపోయి, వరుస మొత్తం నల్లటి పట్టీలా కనిపిస్తుంది. రెండు మూడు మాటలు, చేతివేళ్లంత ఎత్తున, చుట్టూ ధారాళంగా తెల్లని చోటు. అలా పెడితే వీధికి అవతలి నుంచే చదువుకోవచ్చు.