తెల్లచుక్కలు మాయమైతే జబ్బు పోయినట్టు కాదు

ఉప్పునీటి అక్వేరియంలోకి కొత్తగా తెచ్చిన చేప మూడో నాటికి మేత ముట్టక, ఒళ్లు రాళ్లకేసి రుద్దుకుంటోందా? దుకాణానికి పరుగెత్తి ఏదో ఒక సీసా తెచ్చి తొట్టిలో వంపకండి. ముందు నీటిని చూడండి, తర్వాత చేపను చూడండి. మందు సంగతి ఆ తర్వాత. తొందరపడితే కొత్త చేపతోపాటు, ముందునుంచి ఉన్నవీ పోతాయి.

రొయ్యల రైతుకు అమ్మోనియా గురించి వేరే చెప్పనక్కర్లేదు. కొత్త తొట్టిలో ఆ అమ్మోనియాను హరించే బాక్టీరియా తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా చేపల్ని వదిలితే అన్నీ ఒకేసారి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అది నీటి దోషం. మేత ఆపి, గాలి పెంచి, అంతే ఉప్పు శాతమున్న కొత్త నీటితో పావు వంతు మార్చాలి. ఉప్పు 30-35 పి.పి.టి., పి.హెచ్. 8.0-8.4 మధ్య ఉండాలి. చెరువు దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా సరిపోతుంది.

నీరు బాగుండి కొత్త చేప ఒక్కటే డీలా పడితే, టార్చిలైటు పక్కనుంచి వేసి చూడండి. రెక్కల మీద, ఒంటి మీద బొంబాయి రవ్వ అంటినట్టు తెల్లచుక్కలుంటే అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. రొయ్యల్లో 1994 తర్వాత మన చెరువుల్ని ఊడ్చిన తెల్లమచ్చ వైరస్‌కూ దీనికీ సంబంధం లేదు. రవ్వలా కాక సన్నటి పసుపుపొడి చల్లినట్టుండి, చేప వేగంగా ఎగశ్వాస తీస్తుంటే అమైలోడినియం. ఇది మహా చెడ్డది, ఒకటి రెండు రోజుల్లోనే చంపేస్తుంది. క్లౌన్ చేపకు ఒంటి జిగురు తెట్టెలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా. దానికి ఫార్మలిన్ నీటిలో ముంచాలి, మోతాదు మత్స్యశాఖవారిని అడిగే వాడండి.

ఎక్కువగా వచ్చేది తెల్లచుక్కే. దీని మాయ ఏమిటంటే, పురుగు చేప మీద మూడు నుంచి ఏడు రోజులే ఉంటుంది. తర్వాత రాలి అడుగున ఇసుకలో, రాళ్లమీద గుల్ల కట్టుకుని కూర్చుంటుంది. చుక్కలు పోయాయి, మందు పనిచేసింది అని మనం సంబరపడతాం. మూడు రోజులకో, నాలుగు వారాలకో ఆ గుల్ల పగిలి వందలకొద్దీ పిల్లలు ఈదుకుంటూ వస్తాయి. ఈసారి చేప బతకడం కష్టం. అయితే ఆ పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. వైద్యమంతా ఈ కిటుకు మీదే ఆధారపడింది.

చేపలన్నిటినీ బయటికి తీయండి. ఇసుక, రాళ్లు లేని రెండు ప్లాస్టిక్ టబ్బులు, ఒక్కో టబ్బుకు ఒక ఏరేటర్, దాక్కోవడానికి ఓ పైపుముక్క చాలు. మూడు రోజులకోసారి చేపను శుభ్రమైన రెండో టబ్బులోకి మార్చాలి. ఇలా నాలుగుసార్లు. ఖాళీ అయిన టబ్బును, ఏరేటర్ గొట్టాన్ని, వలను కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. నీరు ప్రతిసారీ కొత్తదే, ఉప్పు, వేడి మాత్రం పాతదాని మాదిరే. అసలు తొట్టిలో ఆరు వారాలకు తక్కువ కాకుండా చేప ఉండకూడదు, పదకొండు వారాలుంచితే నిబ్బరం. రొయ్యలు, నత్తలు అక్కడే ఉండొచ్చు.

మైలుతుత్తం సంగతి చాలామంది అడుగుతారు. పనిచేస్తుంది, కాదనలేం. పసుపుపొడి జబ్బుకైతే టబ్బులు మార్చే వ్యవధి ఉండదు కనుక వెంటనే ఇదే వాడాలి. కానీ లీటరుకు 0.15-0.20 మి.గ్రా. రాగి మాత్రమే ఉండాలి. అంటే వంద లీటర్లకు 60-80 మి.గ్రా. మైలుతుత్తం. కిరాణా కొట్టు కాటాతో తూచే సరుకా ఇది? చిటికెడు అని వేస్తే చేప చస్తుంది, తగ్గితే పురుగు చావదు. రాగి కొలిచే కిట్టుతో రోజూ చూస్తూ రెండు మూడు వారాలు నిలపాలి. టబ్బులోనే తప్ప అసలు తొట్టిలో వేయరాదు. రొయ్యలు, నత్తలు, సముద్రపు పూలు బతకవు, గవ్వల ఇసుక రాగిని పీల్చేస్తుంది. కొలిచే కిట్టు లేనివాళ్లు తెల్లచుక్కకు టబ్బుల పద్ధతే పట్టుకోవడం మేలు. మనుషుల యాంటీబయాటిక్ క్యాప్సూల్స్ విప్పి పోసేవాళ్లూ ఉన్నారు. వాటికి ఈ పురుగు చావదు సరికదా, మంచి బాక్టీరియా పోయి అమ్మోనియా లేస్తుంది.

విదేశాల నుంచి వచ్చే వనామీ తల్లి రొయ్యల్ని హ్యాచరీలకు ఇచ్చేముందు చెన్నై నీలాంకరైలో విడిగా ఉంచి పరీక్షించే ఏర్పాటు 2009లో పెట్టారు. ఇంటి తొట్టికీ అదే పద్ధతి. కొత్త చేపను నెల రోజులు వేరే టబ్బులో ఉంచండి. కొనేటప్పుడు దుకాణంలో మేత వేయించి, అది తింటుంటేనే తీసుకోండి. చేపతోపాటు సంచిలో వచ్చిన నీటిని మాత్రం బయట పారబోయండి.