ఇల్లు కొనుటకు ముందు పరీక్ష యవసరమా?

ఎద్దును కొనువాడు పండ్లు చూడక, నడిపించి చూడక సొమ్ము చెల్లింపడు. జీవితకాలపు కూడబెట్టును వెచ్చించి యిల్లు కొనువారో, గోడల రంగు చూచియే తృప్తి నొందుచున్నారు. అద్దెకిచ్చుటకై కొనువారు తామందు నివసింపరు గనుక మరింత యశ్రద్ధ చేయుదురు. ఇట్టివారికి ఇంజనీరు పరీక్ష యవసరమా యని విచారింతము.

“దస్తావేజులు సరిగా నున్నవి, ఇంకేమి?” అని కొందరందురు. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు రిజిష్టరైన క్రయములను, తనఖాలను చూపును గాని గోడలోని బీటను చూపదు. 1882 సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, కొనువాడు సామాన్యమైన శ్రద్ధచే కనుగొనజాలని ముఖ్యలోపము తనకు తెలిసియున్నచో అమ్మువాడు దానిని తెలుపవలెను. సామాన్యశ్రద్ధచే కనబడుదానిని మనమే చూడకపోయినచో ఆ సెక్షను మన కండగా నిలువదు. 2016 సంవత్సరపు రెరా చట్టము ప్రకారము, స్వాధీనమైన 5 ఏండ్లలోపల తెలిపిన కట్టడపు లోపములను నిర్మాత యుచితముగా బాగుచేయవలెను. ఆ గడువు దాటిన పాతయింటికి ఈ రక్షణ లేదు.

నిపుణుడు చూచునదేమి? నల్లరేగడి నేల వానలకు ఉబ్బి, వేసవిలో కుంచించుకొనును. దానితో పునాది కదలి, కిటికీల మూలలనుండి గోడలు ఏటవాలుగా బీటలు వారును. పూతమీది సన్నని గీటుకును, ఇట్టి బీటకును గల భేదము నతడెరుగును. కాంక్రీటులోని యినుపకడ్డీకి తుప్పు పట్టినచో, ఆ తుప్పు యినుముకంటె నెక్కువ చోటు నాక్రమించి కాంక్రీటును లోపలనుండి పగులగొట్టును. క్రొత్త సున్నము దీనిని కొన్నాళ్లు కప్పిపెట్టవచ్చును. నిపుణుడు రీబౌండు సుత్తితో కాంక్రీటు పైభాగపు గట్టితనమును, అతిధ్వని తరంగములతో లోపలి పగుళ్లను శోధింపగలడు.

అయినను అతడు సర్వజ్ఞుడు కాడు. భూమిలోని పునాదిని, గోడలలోని గొట్టములను పూర్తిగా చూడజాలడు. కావున వానకాలము ముగిసిన వెంటనే యొకమారు మనముకూడ పోయి చెమ్మను చూచుట మంచిది. అమ్మువాడుగాని, దళారిగాని కుదిర్చిన మనిషిని నమ్మక, మన రుసుముతో మనమే నిపుణుని నియమించుకొని, అతని యభిప్రాయమును వ్రాతమూలముగ తీసికొనవలెను. బయానా యిచ్చుటకు ముందే యీ పని జరుగవలెను. లోపము తేలినచో ధర తగ్గించుకొనుటకో, బేరము మానుటకో యప్పుడే వీలుండును.

కావున పరీక్ష యవసరమే యని మా యభిప్రాయము. ఇసుకమీది యింటికిని, బండమీది యింటికిని గల భేదము వానలో తేలెనని ప్రభువు చెప్పిన యుపమానమును మన విద్యార్థులందరు నెరుగుదురు. వాన వచ్చువరకు వేచియుండుట వివేకము కాదు. పోవునది మన సొమ్ము మాత్రమే కాదు. ఆ కప్పు క్రింద నిద్రించునది అద్దెవారి బిడ్డలు.