పరిశోధనాశాలలో నాయకత్వం – సృజనాత్మకత: లెడర్లీలో యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలుగులో తలచినప్పుడల్లా ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్ అనే జాబితా వెంట వస్తుంది. వీటన్నింటినీ ఆయన ఒక్కరే కనుగొన్నారన్న ధోరణిలో సాగే ప్రశంస ఆయన చేసిన అసలు పనిని మరుగుపరుస్తుంది. 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి, అక్కడి పరిశోధనా విభాగానికి అధిపతి అయిన సుబ్బారావు ప్రధాన కృషి, ఇతరుల సృజన ఫలించే పరిస్థితులను కల్పించడం. పనిచేసే చోట సృజనాత్మకతను నాయకత్వం ఎలా పెంపొందిస్తుందన్న ప్రశ్నను ఈ దృష్టాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంస్థల్లో సృజనాత్మకతపై విస్తృతంగా పరిశోధించిన థెరిసా అమబిలే 1998లో 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ'లో ఒక ముఖ్యమైన భేదాన్ని చూపారు. ఆమె దృష్టిలో స్వేచ్ఛ అంటే గమ్యాన్ని ఎవరికి వారు నిర్ణయించుకోవడం కాదు. గమ్యం స్పష్టంగా ఉండి, దాన్ని చేరే మార్గాన్ని పనిచేసేవారే ఎంచుకోవడం. గమ్యాన్ని తరచుగా మారుస్తూ మార్గాన్ని మాత్రం శాసించే నాయకత్వం ఈ రెండింటినీ చెడగొడుతుంది.

ఫోలిక్ ఆమ్లం విషయంలో గమ్యం ఒక్కటే: కాలేయంలో లభించే ఒక పోషకాంశాన్ని గుర్తించి, కృత్రిమంగా తయారు చేయడం. ఇందుకు పెర్ల్ రివర్‌లోని లెడర్లీ శాస్త్రవేత్తలతో, బౌండ్ బ్రూక్‌లో అద్దకపు రంగులు తయారు చేసే కాల్కో విభాగపు రసాయన శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. రెండూ అమెరికన్ సయనమిడ్ సంస్థకు చెందినవే అయినా వారి శిక్షణ వేరు, పరిభాష వేరు. 1945లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పత్రానికి 16 మంది రచయితలు. పేర్లు రెండు వర్గాలుగా, అక్షరక్రమంలో ఉన్నాయి. సుబ్బారావు పేరు ఏడవది. పర్యవేక్షకుల పేరు ఏ స్థానంలో ఉండాలన్న చర్చ మన విశ్వవిద్యాలయాలకు కొత్తది కాదు కనుక ఈ వివరం గమనించదగినది.

అంతకంటే లోతైన ఉదాహరణ తర్వాతి దశలో కనిపిస్తుంది. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలకు చెందిన సిడ్నీ ఫార్బర్, లెడర్లీ పంపిన ఫోలిక్ ఆమ్ల సమ్మేళనాలను రోగులకు ఇచ్చి చూశారు. ల్యుకేమియా ఉన్న పిల్లల్లో అవి వ్యాధిని మరింత వేగవంతం చేస్తున్నట్లు ఆయనకు తోచింది. ఏళ్ల తరబడి శ్రమించి సాధించిన పదార్థం గురించి ఇటువంటి వార్త వస్తే దాన్ని దాచిపెట్టడమో, వైద్యుని పరిశీలనను శంకించడమో సంస్థలకు సహజం. ఇక్కడ ఆ వార్తే తర్వాతి ప్రశ్న అయింది: ఫోలిక్ ఆమ్లం వ్యాధిని పెంచితే, దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అణువు ఏం చేస్తుంది? డోరిస్ సీగర్, ఆమె సహచరులు తయారు చేసిన అమినోప్టెరిన్ ఫార్బర్‌కు చేరింది. 1948 జూన్‌లో ఆయన బృందం ప్రచురించిన నివేదికలో చికిత్స పొందిన 16 మంది పిల్లల్లో 10 మందికి ఉపశమనం కనిపించింది. అది తాత్కాలికమే, అయినా ల్యుకేమియా ఔషధానికి లొంగుతుందని తేలింది. ఆ నివేదిక రచయితల్లో సుబ్బారావు లేరు. ఇదే వర్గానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

మనుషుల ఎంపికలోనూ ఆ సంస్థ రివాజును పాటించలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వయసు కారణంగా పదవీ విరమణ చేయించిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌కు డెబ్బై దాటిన వయసులో లెడర్లీలో చోటు దొరికింది. మిస్సోరీ నుండి వచ్చిన మట్టి నమూనాలో ఆయన గుర్తించిన సూక్ష్మజీవి నుండే ఆరియోమైసిన్ వచ్చింది.

అయితే ఈ ఫలితాలన్నింటినీ నాయకుని గుణగణాలకే ఆపాదించడం సరికాదు. యుద్ధకాలపు అవసరాలు, పెద్ద రసాయన సంస్థ ఆర్థిక బలం, తక్షణ లాభం లేని ప్రయోగాన్ని కూడా భరించగల వ్యవస్థ ఆయన వెనుక ఉన్నాయి. అవి లేని చిన్న కళాశాల ప్రయోగశాలలో ఇదే పద్ధతి ఇదే ఫలితాన్ని ఇస్తుందని చెప్పలేం. ప్రతికూల ఫలితాన్ని వినే అలవాటుకు, పేర్లను అక్షరక్రమంలో వేసే అలవాటుకు మాత్రం పెద్ద నిధులు అక్కరలేదు. ఆరియోమైసిన్‌పై పత్రం 1948 నవంబరులో అచ్చయినప్పుడు దాని రచయితగా డగ్గర్ పేరు ఒక్కటే ఉంది. సుబ్బారావు ఆ ఆగస్టులోనే మరణించారు.