తీరప్రాంతానికి మకాం మార్చే ముందు

షోలాపురం వంటి మెరకసీమలలో తరతరాలుగా స్థిరపడి, ఇప్పుడు చీరాల, వేటపాలెం వైపు మకాం మార్చుదమా అని తర్జనభర్జన పడుచున్న మన కులబాంధవులకు నాలుగు మాటలు.

తీరపు గాలిలోని చెమ్మ నూలుకు మేలు చేయును. పొడిగాలిలో పడుగు పోగులు తరచు తెగును. చెమ్మ తగిలిన పోగుకు బలము హెచ్చును. ఎండ బాగుగా కాయు దినములలో గంజి పెట్టిన పడుగు త్వరగా ఆరును. అక్కడి కుప్పడం చీరలకు మంచి పేరున్నది.

అయితే అది గుంటమగ్గాల సీమ. వాన పట్టినచో గుంటలో నీరు ఊరును. మగ్గము ఆగును, కూలి ఆగును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది.

మరమగ్గముపై తువ్వాళ్లు నేసిన చేతికి జరీ అంచు చీర ఒక్కనాట పట్టుబడదు. పని పట్టుబడు వరకు ఇల్లు గడచుట ఎట్లు? మరాఠీలో చదువుకొను పిల్లల బడి సంగతి ఏమి? షావుకారు ఇచ్చు బయానా కూడ అప్పే యని మరువరాదు.

కావున ఉన్న ఇల్లు అమ్ముకొని బయలుదేరవద్దు. ముందుగా ఇంటికొకరు వెళ్లి, చీరకు కూలి ఎంతో, మగ్గపు గది నేల వీధికన్న ఎంత ఎత్తున ఉన్నదో విచారింపవలెను. సంక్రాంతి ఎండ చూచి గాక, కార్తీకమాసపు ముసురులో నెల దినములుండి చూచి నిర్ణయించుకొనుట క్షేమము.