ఎడారికి వెళ్ళొచ్చిన బండి

గల్ఫ్‌లో చలికాలం రాగానే సెలవురోజున పులిహోర డబ్బాలు సర్దుకుని, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ఎడారికి బయలుదేరుతాం. తిరిగొచ్చాక బండిని పైపైన కడిగించి ఊరుకుంటాం. ఇంజను మాటేమిటి?

పిల్లలూ, ఇంజను కూడా మనలాగే గాలి పీలుస్తుంది. ఒక లీటరు పెట్రోలు మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి! ఆ గాలిలోని దుమ్మును ఆపేది ఎయిర్ ఫిల్టరు. ఇసుకలోని క్వార్ట్జ్ మామూలు ఉక్కుకన్నా గట్టిది. సన్నటి ధూళి సిలిండరులోకి చేరితే పిస్టన్ రింగులను గరుకు కాగితంలా అరగదీస్తుంది. అప్పుడు ఇంజను ఆయిలు తాగడం మొదలుపెడుతుంది, వెనకాల నీలిపొగ వస్తుంది. ఆ రిపేరు ఖర్చు ముందు ఫిల్టరు ధర ఏపాటిది?

అందుకే మర్నాడే ఫిల్టరు పెట్టె తెరిచి చూడండి. కాగితపు ఫిల్టరును నీళ్ళతో కడగకూడదు, మెల్లగా తట్టి దులపాలి. చిరుగు కనిపిస్తే కొత్తది వేయాల్సిందే. ఫిల్టరు నుంచి ఇంజనుకు వెళ్ళే గొట్టం లోపల వేలితో తడిమితే దుమ్ము తగిలిందా, ఎక్కడో సందు ఉన్నట్టే. (ఇంజను చల్లారాక ఈ పరీక్ష పిల్లల చేత చేయించవచ్చు, వాళ్ళకు సరదా!)

ఆయిలు చూడాలంటే బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, అయిదు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ మీద ఆయిలు రెండు గుర్తుల మధ్య ఉండాలి. దుమ్ములో తిరిగే బండికి ఆయిలు త్వరగా మార్చాలని కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. ఆ పేజీ దాకా వెళ్ళే ఓపిక మనలో చాలామందికి ఉండదు. ఇక వేడిగా ఉన్న రేడియేటరు మూత మాత్రం పెద్దలు కూడా తీయకూడదు. మరిగే నీరు ఒక్కసారిగా ముఖం మీదికి చిమ్ముతుంది.