కథ చదవడం: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఏం జరిగిందో చెప్పగలిగితే కథ అర్థమైనట్టే.

వాస్తవం: జరిగిన సంగతులు వేరు, రచయిత వాటిని పేర్చిన తీరు వేరు. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ (1910)లో సంగతులు కొన్నే. మీటింగులని చెప్పి రాత్రుళ్లు సానిపాటకు పోయే భర్తకు భార్య బుద్ధి చెబుతుంది. ఈ వరుసలో చెబితే మిగిలేది వట్టి నీతికథ. గురజాడ మాత్రం భర్త గోపాలరావు పొద్దుపోయి ఇంటికొచ్చి తలుపు దగ్గర పిలిచే చోట కథ ఎత్తుకున్నాడు. అంతకుముందు సంసారం ఎలా నడిచిందో బల్ల మీది ఉత్తరం వల్ల, అతని పశ్చాత్తాపపు మాటల వల్ల తెలుస్తుంది. పాఠకుడూ అతని వెంటే చీకటి గదిలో వెతుకుతాడు, భార్య కమలిని పుట్టింటికి వెళ్లిపోయిందన్న ఉత్తరాన్ని నమ్ముతాడు. చివర్లో మంచం కింది నుంచి వచ్చిన నవ్వు ఇద్దరికీ ఒక్కసారే వినబడుతుంది. దృష్టికోణం ఒక్క వాక్యం పాటు కమలిని వైపు జరిగినా ఆ ముగింపు నిలవదు. ఎత్తుగడ, దృష్టికోణం, ముగింపు ఒకదాన్నొకటి ఎంతగా పట్టుకుని ఉంటాయో తెలియాలంటే ఈ చిన్న కథను రెండోసారి చదవాలి. మొదటిసారి అందని పనితనం అప్పుడే కంటబడుతుంది.

అపోహ: పాత్ర మంచిదో చెడ్డదో తేల్చడమే పాత్ర పరిశీలన.

వాస్తవం: గోపాలరావు కోపంతో నౌకరు రాముణ్ణి గుద్దుతాడు, అంతలోనే జాలిపడతాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండబట్టే అతని మార్పు నమ్మదగ్గదిగా ఉంది.

అపోహ: స్థలకాలాలు కథకు వెనకతెర మాత్రమే.

వాస్తవం: కొన్ని కథల్లో అవే కథను నడుపుతాయి. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’లో రావుగారు నియమాల మనిషి. రైల్లో ముష్టి అడిగే స్త్రీని చూసి చిరాకుపడతారు. తుపాను రాత్రి, దాదాపు నిర్జనమైన స్టేషన్లో, ఆమె ఒంటి వెచ్చదనమే ఆయనకు ఆసరా అవుతుంది. వాన తీసేస్తే ఈ ఇద్దరూ దగ్గరయ్యే దారే లేదు.

అపోహ: కథావస్తువు అంటే ఒక్క వాక్యంలో చెప్పగల నీతి.

వాస్తవం: ‘గాలివాన’లోనే తెల్లవారేసరికి ఆ ముష్టి స్త్రీ చనిపోయి ఉంటుంది, చేతిలో రావుగారి పర్సు. దొంగతనం తప్పన్న నీతి ఇక్కడ ఎందుకూ కొరగాదు. పర్సు చూశాక ఆయనలో కోపం ఎందుకు లేదన్న ప్రశ్న దగ్గరే కథావస్తువు దొరుకుతుంది.

అపోహ: కథలో ‘నేను’ అంటే రచయితే.

వాస్తవం: ‘నేను’ కూడా రచయిత కల్పించిన పాత్రే. బుచ్చిబాబు ‘నన్ను గురించి కథ వ్రాయవూ?’లో కథ చెప్పేవాడు రచయిత కావడంతో పాఠకుడు మరీ సులువుగా పొరబడతాడు. తన గురించి రాయమని కుముదం అనే స్త్రీ అడిగితే, ఆమెలో రాయడానికేముందని అతననుకుంటాడు. ఆ మాటను బుచ్చిబాబుకు అంటగడితే కథ తలకిందులవుతుంది. ఆమెను గుర్తించలేని అతని చూపే అక్కడ పరీక్షకు నిలబడింది.